ఫ్లోరెన్స్‌లో జెడ్‌టీఎల్ ఫైన్: నోటీసు రాకముందే ఏమైనా చేయొచ్చా?

మే నెలలో ఇటలీలోని పీసాలో అద్దెకు తీసుకున్న ఫియట్ పాండాతో ఫ్లోరెన్స్ వెళ్లాం. మా హోటల్ సాంతా మరియా నొవెల్లా చర్చి పక్కన, జెడ్‌టీఎల్‌లో ఉంది. అంటే అనుమతి లేని బండ్లు రాకూడని పాత ఊరి భాగం. అందుకే బండి నంబర్, చేరే టైమ్ ముందురోజే హోటల్‌కి మెయిల్ చేశాను. "నమోదు చేయిస్తాం, రండి" అని జవాబిచ్చారు. గురువారం సాయంత్రం 5:40కి కెమెరా గేటు దాటాం. బోర్డు మీద ఎర్రగా 'వార్కో అత్తీవో' అని వెలుగుతోంది, అంటే కెమెరా పనిచేస్తున్నట్టే.

ఇప్పుడు అద్దె కంపెనీ నా కార్డు నుంచి 45 యూరోలు కట్ చేసింది. అది ఫైన్ కాదట, పోలీసులకు నా వివరాలు ఇచ్చినందుకు ఛార్జీ అట! అసలు నోటీసు ఇంకా రాలేదు. విదేశాల్లో ఉండేవాళ్లకు 360 రోజుల్లోపు పంపొచ్చని అక్కడి చట్టం, అప్పటిదాకా టెన్షనే. హోటల్‌కి మళ్లీ మెయిల్ పెట్టాను, ఫోన్ కూడా చేశాను. కనుక్కుంటామన్నారు, తర్వాత పలకలేదు. నోటీసు అందిన 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది, కానీ కట్టేస్తే ఇక అప్పీల్ ఉండదు. అన్నీ ముందే చెప్పి వెళ్లాక కూడా కట్టాల్సి రావడం అన్యాయం అనిపిస్తోంది.

ఇలాంటిది ఎదురైనవాళ్లు దయచేసి చెప్పండి: హోటల్ మెయిల్ జతచేసి అక్కడి మున్సిపల్ పోలీసులకు ఇప్పుడే రాస్తే పట్టించుకుంటారా, లేక నోటీసు వచ్చేదాకా ఆగాల్సిందేనా?