నిజాం కాలపు హాలీ సిక్కా నోట్లకు ధర ఎలా కట్టాలి?

పెట్టెలోనోటు:
తాతల నాటి పెట్టెలో నిజాం సర్కారు సొంత డబ్బు, హాలీ సిక్కా నోట్లు మూడు దొరికాయి. రెండు రూపాయి నోట్లు, నాలుగు మడతలవి. ఒకటి పది నోటు, చిరిగితే వెనక సెల్లో టేపు అంటించారు. ఆన్‌లైన్‌లో ఇలాంటివాటికి లక్షలు చెబుతున్నారు. అసలు ధర తెలిసేదెలా? టేపు తీసి ఇస్త్రీ చేయించాలా?

హాలీసిక్కా:
రెండూ వద్దండి. ముందు ఏ నోటో తేల్చుకోండి. 1918లో 10, 100 నోట్లు, 1919లో 1, 5, 1926లో 1000 వచ్చాయి. తొలినాటివి ఇంగ్లండులో వాటర్లో కంపెనీ అచ్చు, తర్వాతివి నాసిక్ ప్రెస్‌వి. ఇళ్లలో దొరికే రూపాయి నోట్లు చాలావరకు నాసిక్‌వే. వాటర్లో రూపాయి అరుదు. తర్వాత నోటు మీద నిజాం సర్కారు అధికారి సంతకం. బొమ్మ ఒకటే అయినా గులాం మహమ్మద్ సంతకమా, జాహిద్ హుస్సేన్‌దా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. ఫసలీ సంవత్సరం (నిజాం సర్కారు వాడిన లెక్క) ఉంటే 590 కలపండి, ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1959లోనే రద్దయ్యాయి కాబట్టి బ్యాంకులో మారవు.

భూతద్దం:
నాలుగు మడతలు పడ్డా కాగితం గట్టిగా ఉండి, మడత దగ్గర రంగు పోకపోతే వీఎఫ్ (వెరీ ఫైన్, నోటు స్థితిని చెప్పే గ్రేడు) అనుకోవచ్చు. మెత్తబడి అంచులు నలిగితే దాని కింది గ్రేడు, ఫైన్. బల్బుకు ఎదురుగా పట్టి చూడండి. గుండుసూది రంధ్రాలు ఆ కాలం నోట్లకు మామూలే, కానీ చుట్టూ తుప్పు కాగితాన్ని తినేస్తే ధర బాగా పడిపోతుంది. ఇస్త్రీ చేస్తే కాగితం గరుకు పోయి చదునవుతుంది, టార్చి పక్కనుంచి వేస్తే మడత గీత మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. సబ్బుపొడితో కడిగిన నోటు యూవీ లైటు కింద నీలంగా మెరుస్తుంది. టేపు జిగురు కాగితంలోకి ఇంకిపోయి ఉంటుంది. లాగితే అచ్చు కూడా ఊడొస్తుంది. అలాగే ఉంచి, టేపు ఉందని చెప్పి అమ్మండి. పీవీసీ కవర్లో పెట్టకండి, మెత్తబడి అంటుకుంటుంది. పాలియెస్టర్ కవరు కొనండి.

హాలీసిక్కా:
ధర విషయానికొస్తే, అడిగే రేటు లెక్కలోకి రాదు. వేలంలో అమ్ముడైన రేట్లు చూడండి: అదే నోటు, అదే సంతకం, అదే గ్రేడు, కనీసం మూడు అమ్మకాలు. పీఎంజీ (నోట్లను పరీక్షించి గ్రేడు ఇచ్చే కంపెనీ) గ్రేడింగ్ అయిన నోటు రేటును విడి నోటుకు కట్టకండి. కొన్నిచోట్ల చూపే మొత్తంలో కొనేవారి ప్రీమియం (కొన్నవారు వేలం సంస్థకు అదనంగా కట్టేది), జీఎస్టీ కలిసి ఉంటాయి. మీ లెక్క అవేవీ కలపని పాట ధర నుంచి. 10,000 పాటకు వేలం సంస్థ కమిషన్ 10 శాతం అయితే చేతికొచ్చేది 9,000. కొంటామంటూ ఎవరైనా ముందుగా ఫీజు కట్టమంటే మాట్లాడటం ఆపేయండి. తన పేరు చెప్పి ఇలా డబ్బు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.