సాలిడ్‌వర్క్స్‌కు లినక్స్ సరిపోతుందా?

ప్రశ్న: త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీలు (అనేక భాగాలను కలిపిన నమూనాలు), అప్పుడప్పుడు వాటి బలం, వేడి వంటివి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఆన్సిస్‌లో విశ్లేషణ చేయవలసి ఉన్నందున కొత్త వర్క్‌స్టేషన్ కొనదలచాను. లినక్స్ వాడవచ్చా? ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ మేలా?

జవాబు 1: ఆన్సిస్ సాల్వర్లు (లెక్కలు కట్టే ప్రోగ్రాములు) లినక్స్‌పైనా నడుస్తాయి గానీ, సాలిడ్‌వర్క్స్ డెస్క్‌టాప్ వెర్షన్‌కు విండోస్ తప్పదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది గనుక 11నే తీసుకోండి.

జవాబు 2: కోర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. సాలిడ్‌వర్క్స్ నమూనాలో ఒక ఫీచర్‌ను (రంధ్రం, గుండ్రని అంచు వంటి ఆకార దశను) మార్చినప్పుడు దానిపై ఆధారపడిన తర్వాతి ఫీచర్లన్నీ వరుసక్రమంలో మళ్లీ లెక్కకట్టవలసి వస్తుంది కాబట్టి, ఆ పని చాలావరకు ఒకే కోర్‌పై సాగుతుంది. అక్కడ అక్కరకు వచ్చేది క్లాక్ వేగమే. విశ్లేషణలో పలు కోర్లు ఉపయోగపడతాయి, అయితే మీ లైసెన్సు ఎన్నింటిని అనుమతిస్తుందో ముందే చూసుకోండి.

జవాబు 3: మెమరీ చాలక సాల్వర్ డిస్కును ఆశ్రయిస్తే ఎంతటి ప్రాసెసరైనా చతికిలపడుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో పాటు డ్రైవర్ వెర్షన్ కూడా సాలిడ్‌వర్క్స్ ధ్రువీకరించిన జాబితాలో ఉండాలి.