అల్జీమర్స్‌కు ఉపవాసం మంచిదేనా?

ప్రశ్న (కందుకూరు):
మా నాయనమ్మకు అల్జీమర్స్. సద్దన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి, వెంటనే "నాకింకా అన్నం పెట్టలేదేంటే" అంటుంది. ఉపవాసం ఉంటే మెదడు కణాలు చెత్తను శుభ్రం చేసుకుంటాయని వీడియోల్లో చెప్తున్నారు. నిజమేనా?

జవాబు (నెల్లూరు, జువాలజీ లెక్చరర్):
ఆ శుభ్రతను ఆటోఫాజీ అంటారమ్మా. దాని జన్యువులను ఈస్ట్‌లో కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. పాడైన ప్రోటీన్లను కణం సంచిలో కట్టి, తనలోని అరుగుదల గది లాంటి లైసోజోమ్‌కు పంపుతుంది. అక్కడి ఆమ్లంలో ఎంజైములు వాటిని అరగదీస్తాయి. అల్జీమర్స్‌లో సంచులు తయారవుతూనే ఉంటాయి, అరుగుదలే కుంటుపడుతుంది. ఎలుకల మీద పరిశోధనల్లో లైసోజోమ్‌లో ఆమ్లం తగ్గడం కనిపించింది. న్యూరాన్, అంటే మెదడు నాడీకణం, విభజన చెందదు కాబట్టి చెత్త అందులోనే పేరుకుపోతుంది. ఇక పస్తుంచి కొత్త సంచులు పెంచితే ఏం లాభం?

జవాబు (కావలి):
పెద్దామెకు షుగర్ ఉందా? మాత్రలేసుకుని పస్తుంటే షుగర్ పడిపోయి గందరగోళం ఇంకా ఎక్కువవుద్ది.

ప్రశ్న అడిగినామె:
ఉందన్నా. పస్తు మాట వదిలేశాం. ఒంగోలులో న్యూరాలజిస్టుకు చూపిస్తాం.