యానిమల్ క్రాసింగ్‌లో నీలి గులాబీ: రెండు రకాల ఎరుపుని ఎలా వేరు చేయాలి?

నింటెండో వీడియో గేమ్ యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌లో, హిప్పీ కుక్క పాత్ర హార్వీ స్టూడియోలో ఫోటో షూట్‌కి నీలి గులాబీ కిరీటం కావాలి. ఆ గులాబీల విత్తనాలు షాపులో దొరకవు కదా.

అందుకే వేరే రంగుల్ని పక్కపక్కన నాటి, నీళ్లు పోసి కలపాలి. వాడుతున్న పద్ధతి: షాపు విత్తనాల తెల్ల గులాబీలు రెండు కలిపితే ఊదా, ఎరుపు, పసుపు కలిపితే నారింజ. ఆ నారింజనీ ఊదానీ కలిపితే హైబ్రిడ్ (సంకర) ఎరుపు. అలాంటివి రెండు కలిస్తే నీలం వచ్చే అవకాశం 64లో 1.

చిక్కేంటంటే, నారింజ, ఊదా నుంచి వచ్చే ఎరుపుల్లో దాదాపు సగానికి పసుపు జీన్ ఉండదు. అవి ఎంతకాలం నీళ్లు పోసినా నీలం ఇవ్వవు, పైగా చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. షాపు పసుపుతో కలిపి చూస్తే రెండింటికీ ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు వస్తాయి, కాబట్టి ఆ పరీక్ష దండగ. పువ్వుని ఒంటరిగా ఉంచి క్లోన్ (అచ్చం అవే జీన్లున్న మొక్క) తీసి, దాన్ని తల్లిమొక్క పక్కనే నాటితే పసుపో నారింజో పూస్తే మంచిదని తేలుతుంది. కానీ రోజులు పడుతుంది.

ఇంతకంటే త్వరగా తేల్చే జత ఏదైనా ఉందా? ఆ జతలో ఏ రంగు చూసి తీసెయ్యాలో కూడా చెప్పగలరా?