సమస్యాపూరణం: "చదువు రానివాఁడె చదివె నవల"

నిర్వాహకులు:
ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు కూర్చి పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ.

చదువు రానివాఁడె చదివె నవల

నియమం ఒక్కటే. పూరణలో ఒక తెలుగు నవల కనబడాలి. పేరు తగిలిస్తే చాలదు, ఆ నవల చదివినవాళ్లు గుర్తుపట్టే వివరం ఒకటైనా పద్యంలోకి రావాలి.

కొత్తవారి కోసం: పొట్టిగా పలికే అక్షరం లఘువు; దీర్ఘమైనా, తర్వాత జంట అక్షరం ఉన్నా గురువు. సూర్యగణాలు: న (మూడు లఘువులు), గలం (గురువు, లఘువు). ఇంద్రగణాలు: నల, నగ, సల, భ, ర, త. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇచ్చిన పాదం విరుపు: చదువు – రాని – వాఁడె – చదివె – నవల. చ–చ యతి.

మూడో పాదం చివర జాగ్రత్త. అక్కడ ద్రుతప్రకృతికం (చివర ‘న్’ చేరే మాట) పడితే సరళాదేశం (క చ ట త ప లు గ జ డ ద బ లు కావడం) వచ్చి ‘చదువు’ కాస్తా ‘జదువు’ అవుతుంది. అప్పుడు పూరించింది మేమిచ్చిన పాదాన్ని కాదు.

తాటాకు:

మాలపల్లి కథను మఱ్ఱినీడఁ జదువ
వినుచు నుండె నొకఁడు విసుగు లేక;
పాత్రలెల్ల వాని పలుకులందు నిలిచె
చదువు రానివాఁడె చదివె నవల

నిర్వాహకులు:
తాటాకు గారూ, చదవడమంటే వినడమే అన్న దారి ఈ సమస్యకు అందరికీ ముందు తట్టేదే. అయినా మీరు ఎంచుకున్న నవల దానికి బలమిచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922లో వచ్చింది. గుంటూరు సీమ పల్లె మాట, మధ్యమధ్య పాటలు ఉన్న పుస్తకం. పదిమంది మధ్య పైకి చదివితే చెవికి పట్టే రచన అది. ఇదే పూరణలో మనసులోని ఆలోచనలే కథగా నడిచే నవలను పెట్టి ఉంటే నమ్మకం కుదిరేది కాదు.

మొదటి రెండు పాదాలు శుద్ధంగా ఉన్నాయి. చిక్కు మూడో పాదంలో. ‘నిలిచె’ ద్రుతాంతం, ‘నిలిచెన్’. పైన హెచ్చరించిన తప్పు సరిగ్గా ఇదే. వాక్యం అక్కడ ముగిసింది కాబట్టి ద్రుతం లోపిస్తుందని వాదించవచ్చు. మామూలు పద్యంలో ఒప్పుకుంటాను, సమస్యాపూరణంలో ఆ వెసులుబాటు తీసుకోకపోవడం మంచిది.

అంతకన్నా పెద్ద లోటు, ‘పాత్రలెల్ల’ అన్న మాట ఏ నవలకైనా అతుకుతుంది. ఆ నవలలోని సంగదాసు పేరు రెండు సూర్యగణాలుగా (సంగ – దాసు) చక్కగా ఒదుగుతుంది. ఇలా మార్చి చూడండి:

సంగదాసు చావ జలజల నేడ్చిన
చదువు రానివాఁడె చదివె నవల

సం–జ యతి. ‘ఏడ్చిన’ విశేషణం, కళ (ద్రుతం లేని మాట), కాబట్టి ‘చ’ మారదు. పైగా అది ‘చదువు రానివాఁడె’కు నేరుగా అన్వయిస్తుంది. ఎవరు నిజంగా చదివినట్టు అన్న ప్రశ్నకు సంగదాసు చావు దగ్గర కారిన కన్నీరే జవాబు.

నల్లేరు:

మొగలితూరు వీడి మూటకట్టి కదలి
సంద్ర మెల్ల దాటి చనియె నతఁడు
బారు పదవిఁ గోరి, భళిర! తెల్లదొరల
చదువు రానివాఁడె చదివె నవల

(చదివెన్ + అవల = చదివె నవల. అవల అంటే ఆవలి ఒడ్డున.)

నిర్వాహకులు:
ఈ విరుపు కోసమే ఎదురుచూశాను. ‘నవల’లో ‘అవల’ దాగి ఉందని కనిపెట్టాక నవల అన్న అర్థమే అక్కర్లేకపోయింది. అయినా పద్యమంతా ఒక నవలే, మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’. పేరెత్తకుండా మొగల్తూరుతో, బారు (బారిస్టరు) చదువుతో పట్టించారు.

‘మొగల్తూరు’ అని రాస్తే మొదటి అక్షరం లఘువు, రెండోది గురువు అవుతుంది. అలా మొదలయ్యే సూర్యగణం గానీ ఇంద్రగణం గానీ లేదు. ‘మొగలితూరు’ చేయడంతో న గణం, గలం చక్కగా వచ్చాయి. ‘తెల్లదొరల’ అన్న విశేషణం కూడా అవసరమైందే. పార్వతీశం నిరక్షరాస్యుడు కాడు, తెలియనిది దొరల మర్యాదలు. మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న మనిషి! ఆ విశేషణం మూడో పాదం చివర ఉండడంతో సమస్యలోని ‘చదువు’ దానికి అతుక్కుని వైరుధ్యం పోయింది.

చిన్న సవరణ: ‘సంద్రమెల్ల’ అన్నారు గాని, మార్సేల్స్‌లో ఓడ దిగాక రైలు ప్రయాణం కూడా ఉంది. పద్యానికి ఆ మాత్రం అతిశయోక్తి చెల్లుతుంది. మార్చనక్కర్లేదు.

కొత్తపలక:

చివరకు మిగిలేది చేతఁ బట్టి చదివి
దయానిధి మనసుఁ దాఁకి చూచె
వైద్యుఁ డున్న కథను వదలక డాక్టరు
చదువు రానివాఁడె చదివె నవల

నిర్వాహకులు:
మొదటి పాదం ఎత్తుగడ బాగుంది. బుచ్చిబాబు గారి నవల పేరు ‘చివర – కుమిగి – లేది’ అని కచ్చితంగా మూడు సూర్యగణాలు. పేరులోని ‘మిగిలేది’ వాడుకమాటే అయినా గ్రంథనామం కాబట్టి దోషం కాదు.

రెండో పాదం నిలవదు. నాయకుడు దయానిధి పేరులో ‘దయా’ అంటే లఘువు, గురువు. నల్లేరు గారు తప్పించుకున్న గుంటలోనే మీరు పడ్డారు. అదే నవలలోని సుశీల పేరుదీ ఇదే చిక్కు. ఇందిర, కోమలి అయితే భ గణాలు (గురువు, రెండు లఘువులు), ఇంద్రగణం వచ్చే చోట హాయిగా కూర్చుంటాయి. ఇలాంటి పేరును గణం మొదట పెట్టకూడదు. ముందు ఒక గురువు పెట్టి పేరును గణాల మధ్య విరవాలి. అలాగే ‘చదివి’ అన్నప్పుడు చదివినవాడూ తర్వాతి క్రియకు కర్తా ఒకరే కావాలి. రెండూ కలిపి:

చివరకు మిగిలేది చేతఁ బట్టి చదువ
దెలిసె నా దయానిధి వెత లెల్ల

దెలిసె – నాద – యాని – ధివెత – లెల్ల. యతి దె–ధి. ‘చదువన్’ ద్రుతాంతం కాబట్టి ‘తెలిసె’ ‘దెలిసె’ అయింది.

భావం మాత్రం సగమే తీరింది. దయానిధి వైద్యుడే గాని ఆ నవల వైద్యం గురించి కాదు. డాక్టరు చదువు లేనివాడు దాన్ని చదివితే వింత ఏముంది?

చుక్కాని:

తఱుగనట్టి సొమ్ము ధరణిలో నెయ్యది?
వగపుఁ బెంచు వాఁడు వనిత కెవఁడు?
బాలుఁ డేమి చేసె? బాపిరాజుది యేది?
చదువు, రానివాఁడె, చదివె, నవల

నిర్వాహకులు:
క్రమాలంకారం: ప్రశ్నలకు చివరి పాదంలోని మాటలే వరసగా జవాబులు. గణాలు, యతులు సరి. ఈ పద్ధతిలో ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు ఉండాలి. ‘బాపిరాజుది యేది’ అంటే బొమ్మ అనవచ్చు, పాట అనవచ్చు. అడివి బాపిరాజు గారు చిత్రకారులు, కవి, కథకులు కూడా. నవల పేరే అడగండి:

కుఱ్ఱ చేసె నేమి? కోనంగి యెయ్యది?

కు–కో యతి. ‘కోనంగి’ త గణం (రెండు గురువులు, ఒక లఘువు).

తాటాకు:
డా. పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ పెట్టాలని చూశాను. ఎటు తిప్పినా గణం కుదరలేదు.

నిర్వాహకులు:
కుదరదు. కా, లా, తీ, త, వ్య – వరసగా అయిదు గురువులు. సమాసం కాబట్టి ‘వ్య’ ముందున్న ‘త’ కూడా గురువే. ఇంద్ర, సూర్యగణాలను ఎలా పేర్చినా మూడు గురువులకు మించి పక్కపక్కన రావు. అక్కడ నవల పేరు వదిలి పాత్రను పట్టుకోవాలి. ‘వేయిపడగలు’ బాధ చిన్నది, చివర ఒక లఘువు మిగులుతుంది. ‘వేయి – పడగ – లెల్ల’ అంటే తీరిపోతుంది.

గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’ మరో రకం. నాయకుడు సీతారామారావు పేరులోనూ అయిదు గురువులే, దాన్ని ముట్టుకోవద్దు. నవల పేరును గణం మొదట పెడితే ‘అసమర్థు’ తర్వాత ‘నిజీ’ దగ్గర ఆగిపోతుంది. ముందు ఒక గురువు చేరిస్తే మాత్రం తేటగీతిలో (పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు) చివరిదాకా సాగుతుంది. వచ్చేవారం పూరించాల్సిన పాదం అదే, తేటగీతి నాలుగో పాదం:

చేరె నీ యసమర్థుని జీవయాత్ర

చేరె – నీయస – మర్థుని – జీవ – యాత్ర. చే–జీ యతి. ఈసారి మూడో పాదం ద్రుతాంతమైతే ‘జేరె’ అని మార్చుకోండి, యతి చెడదు. ఆ యాత్ర ఎక్కడికి చేరిందో మొదటి మూడు పాదాల్లో చెప్పాలి.