అనిమే చూస్తే జపనీస్ వస్తుందా, పాడవుతుందా?

ఓరుగల్లు_ఒటాకు: జపనీస్ కోచింగ్‌లో మా సెన్సెయ్ (టీచర్) ‘అనిమే మానేయండి, భాష పాడవుతుంది’ అన్నారు. నేను ఈ భాష వైపు వచ్చిందే అనిమే, అంటే జపాన్ కార్టూన్ల వల్ల. డిసెంబర్‌లో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 స్థాయి రాయాలి. నిజంగా మానేయాలా?

కాంజి_కష్టాలు: మానేయక్కర్లేదు తమ్ముడూ, కానీ దాన్ని చదువు లెక్కలో వేసుకోకు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తే నువ్వు చదివేది ఇంగ్లిషే. కాంజి, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు, ఏ ఎపిసోడూ నేర్పదు. జపాన్ ప్రభుత్వం నిత్య వ్యవహారానికని పెట్టిన జాబితాలోనే 2136 ఉన్నాయి.

మాంగా_పురుగు: కాంజికైతే మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు పట్టుకోండి. అబ్బాయిల కోసం వచ్చే షోనెన్ పత్రికల్లో కాంజి పక్కనే చిన్న అక్షరాల్లో ఎలా పలకాలో ఉంటుంది. పెద్దల మాంగాలో ఆ సుఖం చాలావరకు ఉండదు, ముందే చెప్తున్నా.

ఒసాకా_కైగో: నేను ఇక్కడ ఒసాకాలో వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను, 2019లో జపాన్ మొదలుపెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చాను. మన పుస్తకాలు ‘దెస్, మస్’ అనే మర్యాద రూపాలతో మొదలవుతాయి. ఇక్కడి అవ్వలు, తాతలు మాతో అలా మాట్లాడరు. ఇంట్లోవాళ్లతో అన్నట్టు పొట్టి రూపాల్లో, అదీ ఒసాకా యాసలో అనేస్తారు. పుస్తకం ఒక్కటే చదివి వచ్చినవాళ్లు బిత్తరపోతారు. అనిమేకి అలవాటైన చెవికి ఆ పొట్టి మాటలు తొందరగా అందుతాయి. జవాబు మాత్రం ‘మస్’తోనే చెప్పాలి. హీరోలా మాట్లాడితే సూపర్‌వైజర్ పొగరు అనుకుంటారు.

కాంజి_కష్టాలు: నేనన్నదీ అదేగా, చెవికి సరే, నోటికి వద్దు.

ఒసాకా_కైగో: కాదండీ, మీరు చదువే కాదన్నారు. ఎన్4లో 180కి 60 మార్కులు వినడానికే. అందులో 19 రాకపోతే మిగతావి ఎంత బాగా రాసినా ఫెయిలే. మాట్లాడే పరీక్ష అసలు లేదు.

కాంజి_కష్టాలు: ఎన్4 ఆడియో నిదానంగా ఉంటుంది మేడమ్. దానికి మోడల్ పేపర్లు చాలు.

ఒసాకా_కైగో: పరీక్ష పాసయ్యాక మా అవ్వలు నిదానంగా మాట్లాడరు కదండీ!

మాంగా_పురుగు: సబ్‌టైటిల్స్ జపనీస్‌లోకి మార్చు తమ్ముడూ. మనలాగే వాళ్లకీ క్రియ చివర్లో వస్తుంది, విభక్తి పదం వెనకే అతుక్కుంటుంది. మధ్యలో ఇంగ్లిష్ పెట్టుకుంటే ఆ లాభం పోతుంది. కత్తియుద్ధాలు కాకుండా స్కూలు, ఇల్లు ఉన్న కథ చూడు. ఎపిసోడ్ మొత్తం కాదు, ఒక్క సీన్ తీసుకుని అన్ని మాటలూ తెలిసేదాకా విను. పరీక్ష అయ్యేదాకా మిగతాది సరదాకే అనుకో.