పులివెందుల ఫలితం చూశాక కూడా ఏకగ్రీవాలకు నజరానా ఇవ్వాలా?

పెన్నా తీరం:
2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుడి సీటు) ఉప ఎన్నిక ఫలితం వచ్చినప్పటి నుంచి మా కడప వైపు నలుగురు కూర్చున్న చోటల్లా ఇదే వాదన. టీడీపీ అభ్యర్థికి 6 వేలకు పైగా మెజారిటీ. వైసీపీ అభ్యర్థికి 683 ఓట్లు, డిపాజిట్ గల్లంతు. ఒకరు ప్రజాతీర్పు అంటారు, ఇంకొకరు రిగ్గింగ్ అంటారు. ఆ గొడవ పక్కన పెట్టి నేను వేరే సంగతి అడుగుతున్నా. 2021 ఎన్నికల్లో ఇదే సీటు ఏకగ్రీవం. ఓటరు చేతికి బ్యాలెట్ కాగితమే రాలేదు. మరి అప్పుడు ఊరంతా ఒకే మాట మీద ఉందని ఎలా రాసుకున్నాం?

ఒక్క సీటే కాదు. అదే ఏడాది మార్చిలో పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమే. నాలుగు పట్టణాల్లో ఒక్క వార్డులో కూడా పోటీకి మనిషి లేడంటే నాకు నమ్మబుద్ధి కాదు. పైగా ఏకగ్రీవమైన పంచాయతీలకు నజరానా పేరుతో ప్రభుత్వమే ధర కట్టింది. 2 వేల లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5 వేల లోపు 10, 10 వేల లోపు 15, ఆపైన 20 లక్షలు. దీని మీద పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు వేస్తే అప్పటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ సంజాయిషీ అడిగారు.

ఓటు వేయనందుకు ఊరికి డబ్బు ఇవ్వడం ఆపాలి. ఒక్కరే బరిలో ఉన్నా బ్యాలెట్ పెట్టాలి. నా వాదన ఇంతే.

పల్నాటి రైతు:
మీరు చెప్పేది టౌన్ల సంగతి. పల్లెలో సర్పంచ్ ఎన్నిక అంటే ఏమిటో మా వైపు వచ్చి చూడండి. అన్నదమ్ములు రెండు ప్యానెళ్లలో నిలబడతారు. ఫలితం వచ్చిన రాత్రి ఊరేగింపు, ఓడినవాడి ఇంటి ముందు టపాకాయలు, అక్కడితో తలలు పగులుతాయి. ఆ తర్వాత ఐదేళ్లు కోర్టు వాయిదాలు. మిరప కోతకు కూలీలు కావాల్సిన రోజుల్లో మగవాళ్లు స్టేషన్ చుట్టూ తిరుగుతుంటారు. గెలిచినవాడికీ మిగిలేది ఏమీ ఉండదు. మా ఊళ్లో సర్పంచ్ పదవి కోసం ఎకరం అమ్మి, ఓడి, తర్వాత ఆ పొలమే కౌలుకు చేసుకున్న మనిషి ఉన్నాడు.

2021లో మా పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఒక వర్గానికి సర్పంచ్, రెండో వర్గానికి ఉప సర్పంచ్. ఎవరినీ ఎవరూ కొట్టలేదు, కొనలేదు. దీన్ని తప్పంటే నేను ఒప్పుకోను. ఇది ఒక పార్టీ కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. గుజరాత్‌లో సమరస్ పేరుతో 2001 నుంచే ఏకగ్రీవ గ్రామాలకు నిధులు ఇస్తున్నారు.

పెన్నా తీరం:
అన్నా, మీ ఊళ్లో జరిగింది నిజమైన రాజీ అయితే మంచిదే. కానీ మీ పల్నాడులోనే 2020 మార్చిలో మాచర్లలో టీడీపీ నాయకుల కారు మీద పట్టపగలు కర్రలతో దాడి చేశారు. ఆ దెబ్బకు నామినేషన్ వేద్దామనుకున్న మామూలు మనిషి గడప దాటుతాడా? మీ ఊరి ఏకగ్రీవం, భయంతో వచ్చిన ఏకగ్రీవం రెండూ ప్రభుత్వ లెక్కలో ఒకే గడిలో పడ్డాయి. ఎంపీటీసీలు (మండల పరిషత్ సభ్యుల సీట్లు) 2,371, జడ్పీటీసీలు 126 ఏకగ్రీవం అన్నారు. అందులో మీలాంటి ఊళ్లెన్ని, మాచర్లలెన్ని అని ఎవరైనా విడదీసి చెప్పగలరా? బ్యాలెట్ పెడితే తప్ప తెలియదు.

సీమ గొంతు:
పెన్నా తీరం గారూ, బ్యాలెట్ పెడితే నిజం బయటపడుతుందని అంత ధీమాగా అంటున్నారు. 2025లో పులివెందులలో బ్యాలెట్ పెట్టారు కదా. పోలింగ్ కేంద్రాలను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చారు. మా ఏజెంట్లను లోపలికి రానివ్వలేదని, ఓటర్లను దారిలోనే ఆపేశారని వైసీపీ మొత్తుకుంది. రెండు కేంద్రాల్లో రీపోలింగ్ కూడా పెట్టారు. అన్నీ సక్రమంగా జరిగితే రీపోలింగ్ ఎందుకు?

ఒక్క పోలిక చూడండి. అదే రోజు, అదే జిల్లాలో ఒంటిమిట్ట జడ్పీటీసీకి కూడా ఉప ఎన్నిక జరిగింది. అక్కడా వైసీపీ ఓడిపోయింది, తేడా అక్కడా 6 వేల పైనే. కానీ ఆ పార్టీకి 6 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. జగన్ సొంత నియోజకవర్గంలో మాత్రం 683! దీన్ని జనం మనసు అని నేను ఎలా అనుకోవాలి? 2021లో అధికారం ఎవరిదో వాళ్లకు ఏకగ్రీవాలు, 2025లో అధికారం ఎవరిదో వాళ్లకు ఏకపక్షం.

ఇంకో మాట. 2021 ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలను బహిష్కరిస్తున్నామని చంద్రబాబు గారే ప్రకటించారు. బరిలో నుంచి తప్పుకున్న చోట వచ్చిన ఫలితాన్ని కూడా దౌర్జన్యం కింద రాస్తే ఎలా?

పెన్నా తీరం:
బహిష్కరణ మాట నిజమే, ఆ నిర్ణయం నాకూ నచ్చలేదు. కానీ పరిషత్ ఏకగ్రీవాలు అంతకు ఏడాది ముందు, 2020 మార్చి నామినేషన్లప్పుడే తేలిపోయాయి. ఆ వరస చూసుకోండి. 683 మీద మీ అనుమానాన్ని నేను కొట్టిపారేయను. అయితే మీకు అనుమానించడానికి ఒక అంకె ఉంది. ఫలానా కేంద్రంలో ఇన్ని పోలయ్యాయి, ఇక్కడ తేడా ఉంది అని కోర్టుకు పోవచ్చు. ఏకగ్రీవంలో ఏ అంకె పట్టుకుని అడుగుతారు?

గోదారి అంచు అక్క:
నేను తెలంగాణ నుంచి. 2025 డిసెంబర్‌లో మా దగ్గర మూడు విడతల పంచాయతీ ఎన్నికలు అయినయి. తొలి విడతలోనే దాదాపు 400 ఊర్లు ఏకగ్రీవం. పల్నాటి అన్న చెప్పిన ఊరి రాజీ ఎట్లుంటదో నేను చూసిన, చెప్త.

మా ఊరి సర్పంచ్ సీటు మహిళా రిజర్వేషన్ కింద వచ్చింది. ఎవరిని నిలబెట్టాలనే మాట గుడి అరుగు మీద జరిగింది. ఇరవై ముప్పై మంది మగవాళ్లు, ఒక్క ఆడమనిషి లేదు. గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల భార్యకు పదవి అన్నరు. నేను వినకుండా నామినేషన్ వేసిన. ఇంటి పన్ను బకాయి లేదన్న కాగితం కోసమే నన్ను మస్తు తిప్పిన్రు. ఉపసంహరణ రోజు పొద్దున్నే మా ఇంటికి పెద్దలు వచ్చిన్రు. నాతో మాట్లాడలే. మా ఆయనతో మాట్లాడిన్రు. మధ్యాహ్నం మూడు లోపల సంతకం పెట్టాలె, లేకుంటే పండుగకు మీ ఇంటి బోనం గుడి దగ్గరకు రానియ్యం అన్నరు. మా అత్తమ్మ ఏడ్చింది. సంతకం పెట్టిన. పేపర్ల "గ్రామస్థుల ఐక్యత" అని వచ్చింది.

వార్డుకు వేసిన నామినేషన్ మాత్రం తీసుకోలే. ఆ చిన్న తెల్ల బ్యాలెట్ మీదనే గెలిచిన. ఇప్పుడు పాలకవర్గం మీటింగ్‌ల వచ్చిన ఖర్చు లెక్క అడిగేది నేనొక్కదాన్నే.

పల్నాటి రైతు:
అక్కా, నీకు జరిగింది అన్యాయం. వేలంపాట పెట్టినవాళ్లను జైల్లో వేయాలి, అందులో రెండో మాట లేదు. కానీ దానికి ఏకగ్రీవాన్నే తప్పుబడితే నాలాంటి ఊళ్ల సంగతేంటి?

లెక్కల మాస్టారు:
వేలాన్ని పట్టుకుంటే ఏం చేయొచ్చో మహారాష్ట్ర చూపించింది. 2021 జనవరిలో నాశిక్ జిల్లా ఉమ్రాణే, నందుర్బార్ జిల్లా ఖోండామళి గ్రామాల్లో పదవులు వేలం వేశారని తేలితే అక్కడి ఎన్నికల సంఘం ఎన్నికలనే రద్దు చేసింది. ఉమ్రాణేలో పాట 2 కోట్లు దాటింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతిసారీ వేలం వార్తలు వస్తాయి, అంత గట్టి నిర్ణయం నాకైతే గుర్తు లేదు.

ఇక నోటా, అంటే పైవాళ్లెవరూ వద్దని వేసే ఓటు. 2018లో హరియాణా, మహారాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాను అభ్యర్థితో సమానంగా చూస్తామన్నాయి. నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక. ఒక్కరే మిగిలిన చోట ఆ ఒక్కరికీ నోటాకీ పోటీ పెడితే పల్నాటి రైతు గారి ఊరికి నష్టం లేదు. నిజంగా రాజీ కుదిరి ఉంటే ఆయన సర్పంచ్ హాయిగా గెలుస్తాడు. అక్క ఊళ్లో మాత్రం లెక్క మారిపోయేది.

సీమ గొంతు:
నోటా గెలిస్తే? మళ్లీ ఎన్నిక దాకా ప్రత్యేకాధికారి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా సర్పంచులు లేక పల్లెలు ఎంత అవస్థ పడ్డాయో అక్కకే తెలియాలి.

గోదారి అంచు అక్క:
పడ్డం. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం పైసలు ఆగినయి, వీధి లైట్ల బుగ్గలు మాడిపోతే మార్చే దిక్కు లేకుండె. అది ఎన్నికలు పెట్టక వచ్చిన కష్టం, పెడితే వచ్చింది కాదు.

పల్నాటి రైతు:
సరే, నోటా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. నజరానా మాత్రం ఆపొద్దు. ఆ డబ్బుతోనే మా ఊళ్లో డ్రైనేజీ పడుతుందని ఆశ.

పెన్నా తీరం:
డ్రైనేజీ పోటీ జరిగిన ఊరికీ కావాలి కదన్నా. ఆ మొత్తం జనాభా లెక్కన అన్ని పంచాయతీలకూ పంచమని అడుగుదాం, మీరూ మాతో సంతకం పెట్టండి.

గోదారి అంచు అక్క:
దాంతో పాటు ఇంకొకటి రాయండి. ఉపసంహరణ కాగితం ఇచ్చేటప్పుడు అభ్యర్థి ఒక్కరే లోపలికి పోవాలె, మొగుడు గానీ పెద్దమనిషి గానీ పక్కన ఉండొద్దు. అధికారి కెమెరా ముందు "నీ ఇష్టంతోనేనా" అని అడగాలె. నన్ను ఎవరూ అడగలే.